గుండెకు కళ్ళెం ఎక్కడుంది?

2021 జులై 30. టోక్యోలో యుమెనోషిమా విలువిద్యా మైదానం. ఒలింపిక్స్ మహిళల వ్యక్తిగత ఫైనల్లో దక్షిణ కొరియా అమ్మాయి ఆన్ సాన్, రష్యా క్రీడాకారిణి ఎలీనా ఒసిపోవా ఐదు సెట్లు ముగిసేసరికి 5–5 దగ్గర సమానంగా నిలిచారు. ఇక చెరొక్క బాణం. లక్ష్యం 70 మీటర్ల దూరం. ఆ క్షణంలో టీవీ తెర మూల రెండు అంకెలు కనిపించాయి. ఒసిపోవా గుండె నిమిషానికి 167 సార్లు కొట్టుకుంటోంది, ఆన్ సాన్ గుండె 118 సార్లు. ఆన్ సాన్ బాణం పది మీద దిగింది. ఒసిపోవా బాణం ఎనిమిది మీద.

వాళ్ళ ఒంటికి ఏ తీగా తగిలించలేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముఖం చర్మంలోకి కొంచెం రక్తం ఎక్కువగా వచ్చి రంగు ఒక పిసరు మారుతుంది. మన కంటికి ఆ తేడా ఆనదు. కెమెరాకి ఆనుతుంది. కొరియా జట్టు అంతకుముందే సాధనలో ఇలాంటి కెమెరాలు పెట్టుకుని, ఏ బాణానికి గుండె ఎంత వేగంగా ఉందో చూసుకుంటూ వచ్చింది.

ఆ 118 దగ్గర కాసేపు ఆగుదాం. హాయిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది, క్రీడాకారుల గుండె ఇంకా నెమ్మది. అంటే ఆన్ సాన్ గుండె కూడా పరుగులోనే ఉంది. పగ్గం మాత్రం పూర్తిగా తెగిపోలేదు. ఒక్క అంకె చూసి గెలుపుకి కారణం ఇదేనని తేల్చడం సరికాదు. కానీ గురి చూసే ఆటల్లో గుండె వేగానికి ఎంత విలువ ఉందో క్రీడాలోకానికి ఎప్పటినుంచో తెలుసు. గుండెని నెమ్మది చేసే బీటా బ్లాకర్ మాత్రలు షూటింగ్‌లోనూ ఆర్చరీలోనూ నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు నమూనాలో ప్రొప్రనొలాల్ బయటపడింది. గెలిచిన రెండు పతకాలూ వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది.

మాత్రతో జరిగే పని సాధనతో జరుగుతుందా? చెయ్యికి అక్షరం నేర్పినట్టు, కాలికి తాళం నేర్పినట్టు గుండెకి నెమ్మది నేర్పగలమా? ఈ ప్రశ్న వెంట శాస్త్రం చాలా దూరం నడిచింది. ఆ దారిలో ఒక పెద్ద పొరపాటు, ఒక పెద్ద నిజాయితీ, మన దేశపు యోగులు, రష్యా వ్యోమగాములు అందరూ ఉన్నారు.

ముందు నేర్చుకోవడం అంటే ఏమిటో చూద్దాం. ఒక పిల్ల కళ్ళకి గంతలు కట్టి ముగ్గు నేర్పండి. చుక్క ఎక్కడ పడిందో, గీత ఎటు వంకరపోయిందో కనపడకపోతే ఏడాదిపాటు వేసినా చెయ్యి కుదరదు. చెయ్యి నేర్చుకునేది కంటి సాయంతోనే. చేసిన పని ఫలితం వెంటనే తెలియాలి, తెలిస్తేనే తర్వాతి గీత సరిపడుతుంది. గుండె విషయంలో మనందరి కళ్ళకీ గంతలే. ఝల్లుమన్నప్పుడో, దడ పుట్టినప్పుడో తప్ప అది ఉన్న సంగతే గుర్తుండదు. 1981లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త రైనర్ షాండ్రి ఒక తేలికైన పరీక్ష పెట్టాడు. మణికట్టు ముట్టుకోకుండా, కదలకుండా కూర్చుని, కాసేపట్లో మీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి చెప్పాలి. ఆ లెక్కని ఈసీజీతో పోల్చి చూస్తారు. చాలామంది లెక్క తప్పుతుంది. తన గుండె ఎప్పుడు కొట్టుకుందో తెలియని మనిషి దాన్ని ఎలా దిద్దుకుంటాడు?

గంతలు విప్పడమే బయోఫీడ్‌బ్యాక్. ఒంటి లోపల జరిగేదాన్ని పరికరంతో పట్టి, అంకెగానో గీతగానో దీపంగానో ఎదురుగా చూపిస్తారు. 1960ల చివర్లో అమెరికాలో ఈ మాట వాడుకలోకి వచ్చింది, 1969లో దాని పేరుతోనే పరిశోధకుల సంఘం పుట్టింది. పరికరం మనలో ఏ మార్పూ తేదు. అద్దం జడ వేయదు, వేసుకునే చెయ్యికి దారి చూపిస్తుంది. ఇదీ అంతే.

అద్దంలో చూసి కదిలించడానికి లోపల ఏదో ఒక పగ్గం ఉండాలి కదా. అది ఉంది. గుండె కుడివైపు పై గది గోడలో సైనోఏట్రియల్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే అది తాళం వేస్తూ ఉంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. మరి మన నాడి 70 దగ్గర ఎందుకుంటుంది? మెదడు అడుగు నుంచి బయల్దేరి, మెడ గుండా ఛాతీలోకి దిగే వేగస్ నరం అనుక్షణం వెనక్కి లాగి పట్టుకోవడం వల్ల. ఆ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె ఆగిపోతుందని వెబర్ సోదరులు 1845లోనే చూపించారు. 1921లో ఓటో లోవీ ఒక కప్ప గుండెలో వేగస్‌ని ప్రేరేపించి, ఆ గుండెని తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండె మీద పోశాడు. అదీ నెమ్మదించింది. నరం చివర నుంచి ఏదో రసాయనం ఊరుతోందని అలా తెలిసింది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్.

గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళని చూస్తే ఈ సంగతి మరీ స్పష్టం. దాత నుంచి గుండెని తీసేటప్పుడు నరాలు తెగిపోతాయి, కొత్త ఒంట్లో రక్తనాళాలని కుడతారుగానీ ఆ నరాలని కలపలేరు. అందుకే వాళ్ళ నాడి ఊరికే కూర్చున్నా 90, 100 ప్రాంతంలో ఉంటుంది. మెట్లెక్కితే మనలా వెంటనే పెరగదు. రక్తంలో తిరిగే అడ్రినలిన్ వచ్చి చేరాక మెల్లగా పెరుగుతుంది, మెల్లగానే తగ్గుతుంది. కళ్ళెం లేని గుర్రం ఎలా ఉంటుందో ఆ గుండె చెబుతుంది.

గుండెకి ఇంకోవైపు సింపథెటిక్ నరాలు ఉన్నాయి, వాటి పని తరమడం. కానీ వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వేగస్ పట్టు బిగిసినా వదులైనా ఫలితం సెకను తిరక్కుండానే తెలుస్తుంది. ఈ చురుకుదనం వల్లే దాన్ని శిక్షణలో పట్టుకోవడం వీలయింది.

ఇప్పుడు చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించండి. నాడి దొరికాక నెమ్మదిగా ఊపిరి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు కొట్లు దగ్గర దగ్గరగా పడతాయి, వదిలేటప్పుడు ఎడం పెరుగుతుంది. కొందరికి మొదటిసారే తెలుస్తుంది, కొందరికి పదిసార్లు ప్రయత్నిస్తే. జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ లూడ్విగ్ 1847లో ఈ ఎగుడుదిగుడుని కాగితం మీద గీతగా గీయించాడు. ఊపిరి పీల్చమని ఆజ్ఞ ఇచ్చే మెదడు కణాలే ఆ కాసేపు వేగస్ పట్టు సడలిస్తాయి. వదిలేటప్పుడు పట్టు మళ్ళీ బిగుస్తుంది. నాడి ఇలా ఊగడం జబ్బేమోనని కంగారుపడేవాళ్ళని చూశాను. ఊగడం ఆరోగ్యం, వయసు మీరేకొద్దీ ఆ ఊపు తగ్గుతూ వస్తుంది.

ఇంత తేలికైన దారి కళ్ళెదుట ఉంటే శాస్త్రవేత్తలు దాన్ని వదిలేసి ఎలుకల వెంట ఎందుకు పడ్డారు? వాళ్ళ ప్రశ్న వేరు. ఊపిరి సాయం, కండరాల సాయం లేకుండా, గుండె ఒక్కటే నేర్చుకోగలదా అని. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో నీల్ మిల్లర్, ఆయన సహచరుడు లియో డికారా ఎలుకలకి క్యురారే ఇచ్చారు. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకి పూసే విషం అది. కండరాలన్నీ చచ్చుబడతాయి, ఊపిరి కూడా యంత్రంతోనే ఆడించాలి. ఆ స్థితిలో గుండె అనుకున్న దిక్కుకి కాస్త మారినప్పుడల్లా మెదడులో సుఖం కలిగించే చోట చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చారు. కొన్ని ఎలుకలు గుండె వేగం పెంచడం నేర్చుకున్నాయి, కొన్ని తగ్గించడం నేర్చుకున్నాయి. 1969లో మిల్లర్ ఈ ఫలితాలని ‘సైన్స్’ పత్రికలో ప్రపంచం ముందు పెట్టాడు. ఇక రక్తపోటు, పేగులు, మూత్రపిండాలు దేనికైనా చదువు చెప్పవచ్చన్న ఆశ పత్రికల నిండా పరుచుకుంది.

ఆ తర్వాత అదే ప్రయోగశాలలో ఫలితం ఏటికేడు చిక్కిపోయింది. చివరికి పూర్తిగా మాయమైంది. మిల్లర్ తన శిష్యుడు బారీ డ్వార్కిన్‌తో కలిసి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చేశాడు. మందు మోతాదు మార్చారు, ఊపిరి యంత్రాన్ని దిద్దారు. ఎలుక గుండె నేర్చుకోలేదు. 1974లో ఆ ఇబ్బందిని స్వయంగా మిల్లరే అచ్చులో ఒప్పుకున్నాడు. 1986లో ఇద్దరూ కలిసి, ఆ ప్రయోగం మళ్ళీ రాలేదని తేటతెల్లంగా రాశారు. అప్పటికి మిల్లర్ అమెరికాలో జాతీయ విజ్ఞాన పతకం అందుకున్న పెద్దమనిషి. తనకి అంత పేరు తెచ్చిన ఫలితాన్ని తన చేతులతోనే తుడిచేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! ఈ కథలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ ఒప్పుకోలే.

మన దేశంలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎప్పటినుంచో ఉంది. యోగులు గుండెని ఆపగలరా? 1935లో తెరేజ్ బ్రోస్ అనే ఫ్రెంచి వైద్యురాలు చేత్తో మోసుకెళ్ళే ఈసీజీ యంత్రంతో ఇక్కడికి వచ్చింది. మైసూరు యోగాచార్యుడు కృష్ణమాచార్య గుండె ఆగినంత పని అయిందని ఆమె నమోదు చేసింది. 1957లో అమెరికా నుంచి వెంగర్, బాగ్చి మరిన్ని యంత్రాలతో వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని బి.కె.ఆనంద్ వాళ్ళతో కలిశారు. వాళ్ళు పరీక్షించిన నలుగురిలో కృష్ణమాచార్య కూడా ఉన్నారు. 1961లో వచ్చిన వాళ్ళ వ్యాసం చదివితే విషయం తేలిపోతుంది. గుండె ఆపుతామన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, పొట్టా ఛాతీ కండరాలని గట్టిగా బిగించేవారు. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గిపోయేది. మణికట్టు దగ్గర నాడి అందేది కాదు, స్టెతస్కోపులో చప్పుడు వినపడేది కాదు. ఈసీజీ గీత మాత్రం నడుస్తూనే ఉంది. గుండె ఆగలేదు.

ఈ కథని చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాలుగో వ్యక్తి సంగతి చెప్పరు. ఆయన గుండె ఆపుతాననలేదు. ఆయన గుండె నిజంగానే బాగా నెమ్మదించింది, వేగస్ పట్టు గట్టిగా బిగిసిన గుర్తులు ఈసీజీలో దొరికాయి. గుండె ఆపడం అనే గొప్ప కన్నా, ఆ మనిషి చేసిన చిన్న పనే నాకు అసలైన అద్భుతంగా కనిపిస్తుంది.

ఆ నెమ్మదిని పరికరం సాయంతో నేర్పే ప్రయత్నాలూ జరిగాయి. 1971లో బాల్టిమోర్‌లో థియోడర్ వైస్, బెర్నార్డ్ ఎంగెల్ ఎనిమిదిమంది గుండె రోగులని మంచం మీద పడుకోబెట్టి ఎదురుగా మూడు దీపాలు పెట్టారు. వాళ్ళందరిదీ మధ్యమధ్యలో ముందుగా ఒక కొట్టు పడి తాళం తప్పే గుండె. ఆకుపచ్చ వెలిగితే వేగం పెంచాలి, ఎరుపు వెలిగితే తగ్గించాలి. సరిగ్గా చేస్తున్నంతసేపూ పసుపు దీపం వెలుగుతుంది. ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు, రోగి తనే వెతుక్కోవాలి. సాధన ముదిరాక దీపం సాయం తగ్గిస్తూ వచ్చారు. మొదట నిమిషం చూపించి నిమిషం ఆర్పేవారు, తర్వాత నిమిషం చూపించి మూడు నిమిషాలు, చివరికి ఏడు నిమిషాలు. ఎనిమిదిమందిలో ఐదుగురికి తాళం తప్పడం తగ్గింది.

అయినా ఆ దశాబ్దపు ఉత్సాహం ఎక్కువకాలం నిలవలేదు. మామూలు మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో వేగం పెంచడం సులువుగా వచ్చేది, తగ్గించడం అతి కష్టం మీద కొద్దిగా వచ్చేది. అద్దం ఏమీ చూపకుండా ‘నెమ్మది చేయండి’ అని నోటితో చెప్పినా చాలాసార్లు ఇంచుమించు అంతే ఫలితం. పరికరం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

జవాబు సోవియట్ రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చింది. 1980ల్లో ఎవ్గెనీ వాషిల్లో అనే పరిశోధకుడు వ్యోమగాముల శిక్షణలో భాగంగా ఒక వింత పని చేయించాడు. తెర మీద అలలా కదిలే గీత ఒకటి, దాని పక్కనే వాళ్ళ గుండె వేగం గీత. రెండోది మొదటిదాన్ని అనుసరించాలి. అల తొందరగా ఊగినా, మరీ మెల్లగా ఊగినా గుండె గీత కొంచెమే కదిలింది. అల పది సెకన్లకి ఒకసారి ఊగినప్పుడు మాత్రం గుండె గీత ఎత్తుగా లేచి లోతుగా పడింది. అంతవరకు అందరూ సగటు వేగం తగ్గించాలని చూశారు. వాషిల్లో ఊపుని చూశాడు.

పది సెకన్లే ఎందుకు? మెడలో మెదడుకి పోయే రక్తనాళాల గోడల్లోనూ, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనిలోనూ రక్తపోటుని కనిపెట్టే నరాల చివరలు ఉన్నాయి. పోటు పెరగ్గానే అవి మెదడుకి కబురు పంపుతాయి, వేగస్ గుండెని వెనక్కి లాగుతుంది. గుండె నెమ్మదిస్తే పోటు దిగుతుంది, దిగిన కబురు మళ్ళీ అందుతుంది, పట్టు సడలుతుంది. గుండె మారాక పోటు మారడానికి దాదాపు ఐదు సెకన్లు పడుతుంది. పైకి ఐదు, కిందికి ఐదు, చుట్టు తిరిగేసరికి పది.

అట్లతద్దికి చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాల ఊపినవాళ్ళకి మిగతాది చెప్పనక్కర్లేదు. ఉయ్యాల వెనక్కి వచ్చి తిరిగే క్షణాన చిన్నగా తోస్తే చాలు, ప్రతిసారీ ఇంకొంచెం పైకి వెళుతుంది. మధ్యలో ఎంత బలంగా తోసినా ఊపు చెడుతుంది. మన ఊపిరి మామూలుగా నిమిషానికి 12 నుంచి 18 సార్లు, అంటే మూడు నుంచి ఐదు సెకన్లకి ఒకసారి ఆడుతుంది. ఉయ్యాల లయ అది కాదు. ఊపిరిని నిమిషానికి ఆరుకి తెస్తే, ఊపిరి తోపూ రక్తపోటు తోపూ ఒకే వేళకి పడతాయి. పట్టు బిగించడం, సడలించడం రెండిటికీ ఇదే వ్యాయామం. ఎత్తరులకి రక్తనాళాల దారి పొడవు, రక్తమూ ఎక్కువ కాబట్టి వాళ్ళ ఉయ్యాల మరికాస్త నెమ్మది.

వాషిల్లో తర్వాత అమెరికా వెళ్ళి న్యూజెర్సీలో పాల్ లేరర్‌తో పనిచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతికి రూపం ఇచ్చింది వాళ్ళిద్దరే. ఛాతీకి పట్టీ కట్టి, నిమిషానికి ఆరున్నర, ఆరు, ఐదున్నర, ఐదు, నాలుగున్నర చొప్పున ఒక్కో లయలో రెండేసి నిమిషాలు ఊపిరి తీయిస్తారు. ఏ లయలో గుండె గీత ఎక్కువ ఎత్తు ఊగిందో అదే ఆ మనిషి లయ. దాన్ని ఇంటి దగ్గర రోజుకి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు సాధన చేయాలి. ఇక్కడ పరికరానికి అసలైన పని దొరికింది. ఎవరి ఉయ్యాల లయ ఏదో నోటిమాట చెప్పలేదు, గీత చెబుతుంది.

ఈ లయని మనుషులు యంత్రాలు రాకముందే పట్టుకున్నారనడానికి ఇటలీలో ఒక సాక్ష్యం దొరికింది. 2001లో లుచియానో బెర్నార్డి బృందం 23 మంది చేత లాటిన్‌లో రోజరీ ప్రార్థన, విడిగా ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం చెప్పించింది. రెండిటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చి నిలిచింది.

ఇక ప్రయోజనం. 2004లో లేరర్ బృందం 94 మంది ఉబ్బసం రోగుల మీద చేసిన పరీక్షలో, ఈ సాధన చేసినవాళ్ళకి మందుల అవసరం తగ్గింది. 2017లో 24 అధ్యయనాలని కలిపి చూస్తే ఆందోళన, ఒత్తిడి గణనీయంగా తగ్గినట్టు తేలింది. ఆ అన్నిటిలో కలిపి పాల్గొన్నవాళ్ళు 484 మందే, ఒక్కో అధ్యయనానికి సగటున ఇరవైమంది. ఆశ పెట్టుకోవడానికి ఇది చాలు, మందులు మానేయడానికి చాలదు. రక్తపోటు మాత్ర, గుండె మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్ళు, కళ్ళు తిరిగి పడిపోయే అలవాటు ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందే అడగాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు నెమ్మదిగా పీల్చమంటే బలంగా పీల్చడం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి. ఊపిరి నిదానంగా ఉండాలి, మరీ లోతుగా అక్కర్లేదు. యోగులని చూసి ఊపిరి బిగబట్టడం, మెడలోని రక్తనాళం నొక్కడం అసలు చేయకూడదు.

కరోనా రెండో వేవ్‌లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ మా ఇంట్లో డ్రాయరులో పడి ఉండేది. ఆ రోజుల్లో పైనున్న ఆక్సిజన్ అంకె కోసమే దాన్ని వేలికి పెట్టుకున్నాం, కింద ఉన్న నాడి అంకెని పట్టించుకోలేదు. ఈ వ్యాసం కోసం చదువుతూ దాన్ని బయటికి తీశాను. గోడ గడియారం చూస్తూ నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదిలాను. మొదటి రోజు అంకె 74 దగ్గరే అటూ ఇటూ అయింది. ఆ పరికరం కొన్ని సెకన్ల సగటునే చూపిస్తుంది కాబట్టి, లోపలి ఊపు దాని మీద సగం కూడా కనపడదని తర్వాత తెలుసుకున్నాను. పదిరోజులకి 68, 77, 68, 78 అంటూ ఊగడం మొదలైంది. అంకె దిగుతుంటే సంతోషం వేసేది, సంతోషం వేయగానే అంకె పెరిగేది. మూడో వారంలో క్లిప్పు తీసి పక్కన పెట్టాను. ఇప్పుడు తెల్లవారుజామున మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి కూర్చుంటాను. ఊపిరి వదలడం సగానికి వచ్చేసరికి, ఒక కొట్టు పడ్డాక తర్వాతిది రావడానికి కాస్త ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం వేళ్ళకి తెలుస్తోంది.